ఫంగస్‌కు నోటి మాత్రలు: మొదటి మాత్రకు ముందు, చివరి మాత్ర తర్వాత

చర్మం మీది తామర గానీ గోళ్లకు పట్టిన ఫంగస్ గానీ సాధారణంగా ప్రాణం మీదికి వచ్చే జబ్బు కాదు. దాన్ని తగ్గించడానికి మింగే మాత్ర మాత్రం కడుపులో కరిగి, రక్తంలో కలిసి, కాలేయం గుండా ఒళ్లంతా తిరిగిన తర్వాతే గోటి కిందికి చేరుతుంది. జబ్బు చిన్నది, మందు పెద్దది. ఈ తేడా మనసులో ఉంటే మాత్ర మొదలుపెట్టడానికి తొందరపడవలసిన పని లేదని అర్థమవుతుంది. సరైన మనిషికి, సరైన జబ్బుకు ఇచ్చినప్పుడు ఈ మందులు చాలామందికి ఏ ఇబ్బందీ కలిగించకుండానే పనిచేస్తాయి. కలిగే ఇబ్బందుల్లో చాలావాటిని మొదటి మాత్ర మింగక ముందే ఆపవచ్చు. అందుకే ఈ వ్యాసంలో పెద్ద భాగం ఆ ముందు చేయవలసిన పనులకే కేటాయిస్తున్నాను.

అది నిజంగా ఫంగసేనా?

గోరు పసుపుబారి, మందమై, అంచున పిండిలా రాలుతుంటే చూడగానే ఫంగస్ అనుకోవడం సహజం. కానీ ఇలా రూపు మారిన గోళ్లలో దాదాపు సగం మాత్రమే ఫంగస్ వల్ల మారినవి. మిగిలినవి సోరియాసిస్, లైకెన్ ప్లానస్ వంటి చర్మవ్యాధుల వల్లనో, బిగుతు బూట్లు ఏళ్ల తరబడి ఒత్తడం వల్లనో, ఎప్పుడో తగిలిన దెబ్బ వల్లనో, వయసు వల్లనో అలా తయారవుతాయి. కంటితో చూసి ఈ తేడా చెప్పడం అనుభవజ్ఞులైన వైద్యులకు కూడా కష్టమే. సోరియాసిస్ వల్ల పాడైన గోటికి మూడు నెలలు ఫంగస్ మాత్రలు వాడితే గోరు బాగుపడదు సరికదా, లేని జబ్బు కోసం కాలేయాన్ని కష్టపెట్టినట్టవుతుంది. కాబట్టి నెలల తరబడి వాడవలసిన మాత్ర రాసినప్పుడు, ముందుగా పరీక్ష చేయించమని అడగడానికి మొహమాటపడకూడదు.

ఆ పరీక్ష పెద్ద ప్రయాసతో కూడినది కాదు. గోటిని స్పిరిట్‌తో తుడిచి, ఊడివచ్చిన అంచును కత్తిరించి, ఆరోగ్యంగా ఉన్న భాగానికి వీలైనంత దగ్గరగా గోటి కింద పేరుకున్న పొడిని గీకి తీస్తారు. చివరి అంచు దగ్గర తీసిన పొడిలో చచ్చిన ఫంగసే ఎక్కువగా ఉంటుంది కనుక లోపలి నుంచి తీయడం ముఖ్యం. ఆ పొడి మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేస్తే గోటి పదార్థం కరిగి, ఫంగస్ పోగులు సూక్ష్మదర్శినిలో కనిపిస్తాయి. ప్రయోగశాలలో ఫంగస్‌ను పెంచి చూసే కల్చర్‌కు కూడా పంపితే ఏ జాతి ఫంగసో తెలుస్తుంది, కానీ ఫలితానికి మూడు నాలుగు వారాలు పట్టవచ్చు. కత్తిరించిన గోటి ముక్కను ప్రత్యేక రంగు వేసి పరీక్షించే పద్ధతి, ఫంగస్ జన్యు పదార్థాన్ని వెతికే పి.సి.ఆర్. పరీక్ష కూడా ఉన్నాయి. ఒకసారి పరీక్షలో ఫంగస్ కనబడనంత మాత్రాన అది లేదని తేల్చలేము. అనుమానం బలంగా ఉంటే మళ్లీ తీయవలసిందే. పరీక్షకు ముందు కొన్ని వారాల పాటు ఫంగస్ క్రీములు, గోటికి రంగులా పూసే మందులు (లాకర్లు) వాడితే ఫలితం తప్పుగా రావచ్చు. వాడుతుంటే ఆ విషయం వైద్యులకు చెప్పాలి.

చర్మం సంగతి కొంచెం వేరు. అంచు ఎర్రగా ఉబ్బి, పొలుసులు రాలుతూ, మధ్యలో చర్మం మామూలుగా ఉన్న గుండ్రటి మచ్చను గుర్తుపట్టడం తేలిక. కానీ దాని మీద స్టీరాయిడ్ కలిసిన క్రీము కొన్నాళ్లు రాసి ఉంటే ఆ రూపం చెదిరిపోతుంది. స్టీరాయిడ్ వల్ల దురద, ఎరుపు రెండు రోజుల్లో తగ్గుతాయి, ఫంగస్ మాత్రం లోలోపల విస్తరిస్తూనే ఉంటుంది. ఈ ఒక్క విషయంలో గట్టిగానే చెబుతాను: క్లోబెటసాల్, బీటామెథసోన్ వంటి స్టీరాయిడ్ కలిపిన క్రీమును తామర మీద రాస్తూ, పైన ఎంత మంచి మాత్ర మింగినా, ఒక చేత్తో ఆర్పుతూ మరో చేత్తో ఎగదోసినట్టే. ఇప్పటివరకు వాడిన ట్యూబులన్నీ వైద్యుల దగ్గరికి తీసుకెళ్లి చూపించాలి.

మరొక సంగతి. ప్రతి తామరకూ మాత్ర అక్కర్లేదు. ఒకటి రెండు చోట్ల చిన్న మచ్చలుంటే క్రీముతోనే, మచ్చ అంచు దాటి కొంత మేర రాస్తూ రెండు నుంచి నాలుగు వారాల్లో నయం చేయవచ్చు. మచ్చలు ఒళ్లంతా పాకినప్పుడు, మందపాటి అరికాళ్ల చర్మానికి పట్టినప్పుడు, వెంట్రుకల కుదుళ్లలోకి దిగినప్పుడు, క్రీముకు లొంగనప్పుడు, చాలా గోళ్లకు గానీ గోటి మొదలు దాకా గానీ వ్యాపించినప్పుడు మాత్ర అవసరమవుతుంది. పిల్లల తలకు పట్టే తామరకు మాత్రం మొదటి నుంచీ నోటి మందే ఇవ్వాలి, ఎందుకంటే పైన రాసిన మందు వెంట్రుక కుదురు లోపలికి చేరదు. ఆ మోతాదు బిడ్డ బరువును బట్టి ఉంటుంది కనుక పెద్దవాళ్ల మాత్రను ఉజ్జాయింపుగా విరిచి ఇవ్వకూడదు.

ఏ మందు ఏ పని చేస్తుంది

గోళ్లకు, చర్మానికి పట్టే తామర జాతి ఫంగస్‌లకు ఎక్కువగా మొదట ఎంచుకునే మాత్ర టెర్బినాఫిన్. పెద్దవాళ్లకు సాధారణంగా రోజుకు 250 మి.గ్రా.; చర్మానికైతే రెండు నుంచి నాలుగు వారాలు, చేతి గోళ్లకు ఆరు వారాలు, కాలి గోళ్లకు పన్నెండు వారాలు. ఇట్రాకోనజోల్‌ను కాలి గోళ్లకు రోజుకు 200 మి.గ్రా. చొప్పున పన్నెండు వారాలు ఇస్తారు. లేదా నెలలో ఒక వారం మాత్రమే రోజుకు రెండు పూటలా 200 మి.గ్రా. ఇచ్చి, మిగతా మూడు వారాలు ఆపే విడతల పద్ధతిలో ఇస్తారు. చేతి గోళ్లకు అలాంటివి రెండు విడతలు, కాలి గోళ్లకు మూడు. ఆపిన వారాల్లో మందు గోటిలోనే నిలిచి పనిచేస్తూ ఉంటుంది కనుక ఆ విరామాన్ని చూసి మందు మరిచిపోయామేమోనని కంగారుపడి మధ్యలో మింగకూడదు. ఫ్లుకోనజోల్‌ను సాధారణంగా వారానికి ఒకసారి ఇస్తారు, గోళ్లకైతే నెలల తరబడి సాగుతుంది. వీటన్నిటికంటే పాతది గ్రిసియోఫల్విన్. 1939లో ఒక పెనిసిలియం బూజు నుంచి దాన్ని వేరు చేశారు. ఇప్పుడు ముఖ్యంగా పిల్లల తల తామరకు, అందులోనూ మైక్రోస్పోరమ్ జాతి ఫంగస్‌కు, ఉపయోగపడుతోంది.

ఒక మందు అన్నిటికీ పనికిరాదని చెప్పడానికి సిబ్బెం మంచి ఉదాహరణ. మెడ మీద, వీపు మీద తెల్లగానో గోధుమరంగులోనో వచ్చే ఆ మచ్చలు మలసీజియా అనే ఈస్ట్ వల్ల వస్తాయి. వాటికి టెర్బినాఫిన్ మాత్ర మింగితే ఫలితం ఉండదు. అదే మందును క్రీముగా రాస్తే పనిచేస్తుంది. 'నాకు తగ్గింది, నువ్వూ వేసుకో' అని ఇంట్లో ఒకరి మాత్రలు మరొకరికి ఇవ్వకూడదనడానికి ఇదొక కారణం.

కీటోకోనజోల్ మాత్ర గురించి విడిగా చెప్పాలి. క్రీముగా, షాంపూగా అది మంచి మందే. మాత్రగా మాత్రం కాలేయాన్ని తీవ్రంగా దెబ్బతీయగలదు. 2013లో యూరప్ ఔషధ సంస్థ ఆ మాత్రలను ఫంగస్ జబ్బులకు నిలిపివేయాలని సిఫారసు చేసింది. అదే ఏడాది అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్.డి.ఎ. చర్మ, గోళ్ల ఫంగస్‌కు వాటిని వాడవద్దని చెప్పింది. ఆ తర్వాత కూడా గోళ్ల ఫంగస్ కోసం అది వాడిన ఒక రోగి మరణించడంతో 2016లో మళ్లీ హెచ్చరించింది. చర్మానికో గోటికో ఎవరైనా కీటోకోనజోల్ మాత్ర రాస్తే, దానికి బదులు వేరే మందు లేదా అని తప్పకుండా అడగాలి.

డాక్టరు ముందు బల్ల మీద పెట్టవలసినవి

మందు రాయించుకోవడానికి వెళ్లేటప్పుడు, ప్రస్తుతం వాడుతున్న మాత్రల పట్టీలన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లడం అన్నిటికంటే విలువైన జాగ్రత్త. బీపీ, షుగర్ మాత్రలే కాదు. అప్పుడప్పుడు వేసుకునే నొప్పి మాత్ర, ఎసిడిటీ మాత్ర, నిద్ర మాత్ర, మూలికల మందులు కూడా అందులో ఉండాలి. చాలామంది 'రోజూ వాడేవి కాదు కదా' అని వీటిని చెప్పరు. తేడా తెచ్చేవి ఎక్కువగా అవే.

ఎందుకో ఒక ఉదాహరణతో చూద్దాం. కొలెస్ట్రాల్‌కు సిమ్వాస్టాటిన్ వాడుతున్న ఒక పెద్దాయన కాలి గోళ్ల కోసం ఇట్రాకోనజోల్ మొదలుపెట్టారనుకుందాం. సిమ్వాస్టాటిన్‌ను విరగ్గొట్టి బయటికి పంపే పని ఎక్కువగా కాలేయంలోని సి.వై.పి. 3ఎ4 అనే ఎంజైముది. ఇట్రాకోనజోల్ ఆ ఎంజైమును బలంగా అడ్డుకుంటుంది. ఆయన మింగేది రోజూ వేసుకునే అదే కొలెస్ట్రాల్ మాత్ర, కానీ రక్తంలో దాని మోతాదు ఎన్నో రెట్లు పెరిగిపోతుంది. ఫలితంగా కండరాలు నొప్పి పుట్టి, నీరసించి, కండర కణాలు చిట్లి, ఆ వ్యర్థంతో మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదం ఏర్పడుతుంది. రెండు మందుల్లో దేనికదే మంచిదే. కలిపి వాడకూడదన్న సంగతి ముందే తెలిస్తే ఈ ప్రమాదం రాదు. కొన్ని నిద్ర మందులు, కొన్ని గుండె లయ మందులు, మైగ్రేన్‌కు వాడే ఎర్గాట్ మందులు, కీళ్లు వాచే గౌట్ జబ్బుకు వాడే కోల్చిసిన్ కూడా ఇట్రాకోనజోల్‌తో ఇలాగే ఇబ్బంది పెడతాయి.

ఫ్లుకోనజోల్‌తో రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ ప్రభావం పెరిగి రక్తస్రావం కావచ్చు. గ్లిపిజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి షుగర్ మాత్రలతో కలిస్తే చక్కెర మరీ పడిపోవచ్చు. టెర్బినాఫిన్‌కు ఇలాంటి గొడవలు తక్కువ, అసలు లేకపోలేదు. అది సి.వై.పి. 2డి6 అనే వేరే ఎంజైమును అడ్డుకుంటుంది కనుక డిప్రెషన్‌కు వాడే కొన్ని మందులు, మెటోప్రోలాల్ వంటి బీపీ మందులు రక్తంలో పెరుగుతాయి. కోడీన్ కథ తలకిందులు: ఆ ఎంజైము మార్చితేనే కోడీన్‌కు నొప్పి తగ్గించే శక్తి వస్తుంది, కాబట్టి అది పనిచేయకుండా పోతుంది. క్షయకు వాడే రిఫాంపిసిన్ ఈ ఫంగస్ మందులనే త్వరగా ఖర్చయ్యేలా చేస్తుంది.

మందుల తర్వాత జబ్బుల సంగతి. కాలేయ జబ్బు ఇప్పుడున్నా, ఇదివరకు హెపటైటిస్ వచ్చి ఉన్నా, మద్యం అలవాటున్నా దాచకుండా చెప్పాలి. దీర్ఘకాలిక కాలేయ జబ్బు ఉన్నవారికి టెర్బినాఫిన్ ఇవ్వరు. గుండె వైఫల్యం ఉన్నవారికి, గతంలో వచ్చినవారికి గోళ్ల ఫంగస్ కోసం ఇట్రాకోనజోల్ ఇవ్వకూడదు, ఎందుకంటే అది గుండె కండరం సంకోచించే బలాన్ని తగ్గించగలదు. మూత్రపిండాలు బలహీనంగా ఉంటే టెర్బినాఫిన్‌కు బదులు వేరేది ఆలోచించవలసి రావచ్చు, ఫ్లుకోనజోల్ మోతాదు తగ్గించవలసి రావచ్చు. లూపస్ (రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే తిరగబడే జబ్బు) ఉన్నవారికి టెర్బినాఫిన్ ఆ జబ్బును రెచ్చగొట్టవచ్చు.

గర్భిణులకు, బిడ్డ కోసం ప్రయత్నిస్తున్నవారికి, పాలిచ్చే తల్లులకు గోళ్ల ఫంగస్ చికిత్సను వాయిదా వేయడమే సరైన నిర్ణయమని నా అభిప్రాయం. గోరు ఏడాది ఆగగలదు. ఇట్రాకోనజోల్ వాడే స్త్రీలు మందు ఆపిన రెండు నెలల వరకూ గర్భం రాకుండా చూసుకోవాలి. గ్రిసియోఫల్విన్ వాడిన పురుషులు సైతం ఆపిన తర్వాత ఆరు నెలల వరకు సంతానం కోసం ప్రయత్నించకూడదు. అది గర్భనిరోధక మాత్రల బలాన్ని తగ్గించగలదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

మింగే పద్ధతి

ఒకే జబ్బుకు ఇచ్చే మందులైనా వీటిని మింగే పద్ధతి ఒకటి కాదు. టెర్బినాఫిన్ తిన్నా తినకపోయినా వేసుకోవచ్చు. రోజూ ఒకే వేళకు వేసుకుంటే మరిచిపోరు. ఇట్రాకోనజోల్ క్యాప్సూల్ మాత్రం కడుపు నిండా భోజనం చేసిన వెంటనే వేసుకోవాలి, ఎందుకంటే అది కరగడానికి జీర్ణరసంలోని ఆమ్లం కావాలి. పరగడుపున మింగితే మందులో చాలా భాగం ఒంటికి పట్టదు. ఎసిడిటీ తగ్గించే మాత్రలు ఆ ఆమ్లాన్నే తగ్గిస్తాయి. యాంటాసిడ్ తప్పనిసరైతే క్యాప్సూల్‌కు కనీసం గంట ముందు గానీ రెండు గంటల తర్వాత గానీ వేసుకోవాలి. ఒమెప్రజోల్ వంటివి రోజూ వాడేవారు మందు మార్చడం గురించి వైద్యులతో మాట్లాడాలి. ఇట్రాకోనజోల్ ద్రవరూపంలో ఉంటే పద్ధతి తిరగబడుతుంది, దాన్ని పరగడుపునే తాగాలి. కొత్త తయారీ పద్ధతులతో వచ్చిన ఇట్రాకోనజోల్‌లో మి.గ్రా. లెక్క కూడా వేరుగా ఉంటుంది కనుక ఒక రకానికి బదులు మరొక రకాన్ని మనంతట మనం మార్చుకోకూడదు. గ్రిసియోఫల్విన్ కొవ్వు ఉన్న ఆహారంతో బాగా ఒంటికి పడుతుంది.

ఒక పూట మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవచ్చు. తర్వాతి మోతాదు వేళ దగ్గరపడి ఉంటే మరిచినది వదిలేయాలి. రెండు మాత్రలు కలిపి మింగకూడదు. మందు వాడినన్నాళ్లు మద్యం మానడం మంచిది. గ్రిసియోఫల్విన్‌తో అయితే ముఖం ఎర్రబడి గుండె దడ కూడా రావచ్చు. ఆ మందు వాడేవారి చర్మం ఎండకు త్వరగా కందుతుంది.

ఒంట్లో వచ్చే మార్పులు

టెర్బినాఫిన్ గానీ, వారాల తరబడి ఇట్రాకోనజోల్ గానీ మొదలుపెట్టే ముందు కాలేయ పరీక్ష చేయించుకుంటే, తర్వాత ఏదైనా తేడా వచ్చినప్పుడు పోల్చుకోవడానికి ఆధారం ఉంటుంది. నెల దాటి వాడేవారికి చాలామంది వైద్యులు నాలుగు నుంచి ఆరు వారాల మధ్య మళ్లీ చేయిస్తారు. అయితే పరీక్ష బాగుంది కదా అని లక్షణాలను పట్టించుకోకపోవడం తప్పు, ఎందుకంటే కాలేయానికి దెబ్బ రెండు పరీక్షల మధ్యలో కూడా తగలవచ్చు. ఇది అరుదే. ఏ కాలేయ జబ్బూ లేనివారికి కూడా రావచ్చు.

మందు వాడుతుండగా కారణం లేకుండా ఆకలి చచ్చిపోయినా, వికారం రోజుల తరబడి తగ్గకపోయినా, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి వచ్చినా, మూత్రం ముదురు రంగులోకి మారినా, మలం పాలిపోయినా, కళ్లు పచ్చబడినా, ఒళ్లంతా దురద పెట్టినా ఆ పూట మాత్ర వేసుకోకుండా వెంటనే వైద్యులను కలవాలి. జ్వరంతో పాటు దద్దుర్లు వచ్చి, నోట్లో కళ్లలో పుండ్లు పడి, చర్మం బొబ్బలెక్కితే ఆసుపత్రికి వెళ్లడానికి మర్నాటి దాకా ఆగకూడదు. ఇట్రాకోనజోల్ వాడుతున్నవారికి పాదాలు వాచినా, పడుకుంటే ఆయాసం వచ్చినా, బరువు ఒక్కసారిగా పెరిగినా గుండె పరీక్ష అవసరం. ఫ్లుకోనజోల్ వాడేవారికి గుండె దడ, కళ్లు తిరిగి పడిపోవడం వస్తే అది గుండె లయ తప్పడం కావచ్చు.

ప్రమాదకరం కాకపోయినా మనిషిని బాగా కుంగదీసేది టెర్బినాఫిన్ వల్ల రుచి పోవడం. కొందరికి వాసన కూడా తెలియదు. ఎంతో ఇష్టమైన వంట కూడా నోట్లో మట్టిలా అనిపించి, తిండి తగ్గి, బరువు తగ్గి, మనసు దిగులుపడుతుంది. మందు ఆపితే సాధారణంగా కొన్ని వారాల్లో రుచి తిరిగి వస్తుంది, కొందరిలో మాత్రం చాలా కాలం పట్టింది. కాబట్టి రుచిలో తేడా కనిపించిన మొదటి రోజుల్లోనే చెప్పాలి.

తగ్గుతోందో లేదో తెలిసేదెలా

చర్మం మీద దురద ముందు పోతుంది, ఫంగస్ తర్వాత పోతుంది. ఈ మధ్యకాలంలోనే చాలామంది మాత్ర ఆపేస్తారు, నెల తిరగకుండా మచ్చ మళ్లీ వస్తుంది. చెప్పిన గడువు పూర్తి చేయడమే మార్గం.

గోటికి మరింత ఓపిక కావాలి. చేతి గోరు నెలకు దాదాపు 3 మి.మీ. పెరిగితే కాలి గోరు 1 నుంచి 1.5 మి.మీ. మాత్రమే పెరుగుతుంది. మందు పాడైన గోటిని బాగుచేయదు. మొదలు నుంచి వచ్చే కొత్త గోరును కాపాడుతుంది. బొటనవేలి గోరు పూర్తిగా మారడానికి 12 నుంచి 18 నెలలు పడుతుంది. మాత్రలు మూడు నెలలకే అయిపోతాయి కనుక చివరి మాత్ర మింగే రోజున గోరు సగానికి పైగా పాతదిలాగే కనిపించడం వైఫల్యం కాదు. అనుమానం ఉంటే మొదటి రోజున, మంచి గోరూ పాడైన గోరూ కలిసే గీత దగ్గర సన్నని ఆకురాయితో పైపైన చిన్న గీటు పెట్టుకోండి. ఆ గీటు నెలనెలా ముందుకు జరుగుతూ, దాని వెనక గోరు గులాబీ రంగులో నున్నగా వస్తుంటే మందు పనిచేస్తోందన్నమాట. పసుపు ఆ గీటును దాటి వెనక్కి పాకుతుంటే మళ్లీ వైద్యులను కలవాలి. మందు కంపెనీ అధ్యయనాల్లో టెర్బినాఫిన్ వాడినవారిలో 70 శాతం మందికి కాలి గోటి ఫంగస్ పోయినా, గోరు పూర్తిగా మునుపటిలా అయినవారు 38 శాతమే. ఫంగస్ పోయినా గోరు ఆకారం కొంత వంకరగా మిగలవచ్చని ముందే తెలిస్తే నిరాశ ఉండదు.

గడువంతా సరిగ్గా వాడినా తామర తగ్గకపోతే మోతాదు మనంతట మనం పెంచుకోకూడదు. టెర్బినాఫిన్‌కు లొంగని ట్రైకోఫైటాన్ ఇండోటినీ అనే ఫంగస్‌ను 2020లో వేరే జాతిగా గుర్తించారు. అది ఇప్పుడు అనేక దేశాల్లో కనిపిస్తోంది. అలాంటప్పుడు కల్చర్ చేసి ఏ మందుకు లొంగుతుందో చూడాలి, సాధారణంగా ఇట్రాకోనజోల్ వైపు మారుతారు. అంతకంటే ముందు, అదే ఇంట్లో మరెవరికైనా తామర ఉందేమో, తువ్వాలు పంచుకుంటున్నారేమో, కాలివేళ్ల మధ్య చర్మం తడిగా పాయలు పాయలుగా ఊడుతోందేమో చూసుకోవాలి. ఇంట్లో అందరూ ఒకేసారి వైద్యం చేయించుకోకపోతే ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది. సాక్సులు, లోదుస్తులు వేడినీటిలో ఉతికి, పాత బూట్లను బాగా ఆరబెట్టి, వేళ్ల సందులు తుడుచుకుంటే మళ్లీ పట్టే అవకాశం తగ్గుతుంది.

చికిత్స మధ్యలో ఆపవలసి వచ్చి మాత్రలు మిగిలితే, అవి ఏ మందో, ఎందుకు ఆపారో పట్టీ మీదే రాసి, తర్వాత ఎప్పుడు ఏ డాక్టరు ఫంగస్ మాత్ర రాసినా ఆ పట్టీ చూపించండి. కాలేయానికి తేడా చేసిన మందు పేరును మీ వైద్య రికార్డులో రాయించుకుని, దాన్ని మళ్లీ ఎప్పుడూ వాడకుండా చూసుకోండి.